చివరి ఆయకట్టు ఎముక: నాపరాయి పడి విరిగిన ఒక కాలు, 18 నెలల కేస్ స్టడీ

మోకాలి కింద పెద్ద ఎముక విరిగితే నాలుగైదు నెలల్లో అతుకుతుందని మేము రోగులకు చెబుతాం. ఈ కేసులో అది అతకడానికి దాదాపు ఏడాది పట్టింది. అందులో గాయం వాటా ఎంత, బీడీల వాటా ఎంత, నా నిర్ణయాల వాటా ఎంత అన్నది తేల్చుకోవడానికే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. రోగి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. ఆయన పేరు, ఊరు ఇక్కడ ఇవ్వడం లేదు.

ఆయన వయసు 38 ఏళ్లు. కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాళ్లను పాలిష్ చేసే యూనిట్‌లో లోడింగ్ పని. ఉదయం 9:30కు లారీలోకి ఎత్తుతున్న బండల్లో ఒకటి చేతుల్లోంచి జారి, అంచుతో ఎడమ కాలి మీద పడింది. తోటి కూలీలు గాయంలో పసుపు అద్ది, తువ్వాలు చుట్టి, కాలిని పొడవాటి చెక్కకు కట్టారు. పసుపు అద్దకుండా ఉంటే బాగుండేది. చెక్క కట్టడం మాత్రం చాలా మంచి పని. విరిగిన ముక్కలు ప్రయాణంలో కదలకుండా ఉంటే నొప్పి తగ్గుతుంది, రక్తస్రావం తగ్గుతుంది, నరాలూ రక్తనాళాలూ కొత్తగా తెగవు. 108 వాహనంలో 11:45కు కడపలో మా దగ్గరికి చేరారు.

కాలి లోపలి వైపు 4 సెంటీమీటర్ల చీలిక ఉంది. పాదంలో నాడి అందుతోంది, వేళ్లు కదులుతున్నాయి, స్పర్శ బాగానే ఉంది. ఎక్స్‌రేలో టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, మధ్య భాగానికి, కింది భాగానికి సరిగ్గా సంధిలో విరిగింది. ఒక పెద్ద చీలిక ముక్క విడిపోయి పక్కకు జరిగింది. పక్కనే ఉండే సన్న ఎముక ఫిబ్యులా కూడా విరిగింది.

మా జూనియర్ డాక్టర్ కేస్ షీటులో దీన్ని రెండో రకం ఓపెన్ ఫ్రాక్చర్ (చర్మం చీలి, విరిగిన ఎముక బయటికి తెరుచుకున్న గాయం) అని రాశాడు. గస్టిలో, ఆండర్సన్ అనే సర్జన్లు 1976లో ఇచ్చిన వర్గీకరణను గాయం పొడవుతోనే గుర్తు పెట్టుకుంటే అలాగే వస్తుంది: 1 సెంటీమీటరు లోపు అయితే మొదటి రకం, దాటితే రెండోది. కానీ ఆ వర్గీకరణలో అసలు ప్రశ్న కాలి మీద ఎంత శక్తి పడింది, లోపల కండ ఎంత నలిగింది అన్నది. బరువైన బండ ఎత్తు నుంచి పడితే చర్మం మీద చీలిక చిన్నదే ఉండవచ్చు, లోపల మాత్రం అంతా నుజ్జు అయి ఉంటుంది. మూడో రకం, ఎ విభాగం అని దిద్దించాను, అంటే లోపల బాగా నలిగినా ఎముకను కప్పడానికి సరిపడా కండ, చర్మం మిగిలిన గాయం. పేరు మారితే ఇచ్చే మందు మారుతుంది, కడిగే పద్ధతి మారుతుంది, అతకడానికి పట్టే కాలం గురించి ఇంటివాళ్లకు చెప్పే మాట కూడా మారుతుంది.

యాంటీబయాటిక్ మొదటి డోసు మధ్యాహ్నం 12 కొట్టకముందే నరంలోకి వెళ్లింది. ఓపెన్ ఫ్రాక్చర్‌లో ఇన్ఫెక్షన్‌ను ఆపే పనుల్లో అన్నిటికన్నా తేలికైనది, అన్నిటికన్నా ఎక్కువగా ఆలస్యమయ్యేది ఇదే. ఎక్స్‌రే వచ్చాక చూద్దాం, ఆపరేషన్ గదిలో ఇద్దాం అనుకుంటూ గంటలు గడిచిపోతాయి. ధనుర్వాతం టీకా కూడా అప్పుడే ఇచ్చాం.

మధ్యాహ్నం 2 గంటలకు గాయాన్ని రెండు వైపులా పెంచి తెరిచాం. పసుపు, రాతి పొడి కలిసి బూడిదరంగు ముద్దగా మూలుగ గొట్టంలోకి దూరి ఉంది. 9 లీటర్ల సెలైన్‌తో కడిగి, చిన్న క్యూరెట్‌తో గీకి తీశాం. ఎముకను చర్మంలా అంటిపెట్టుకుని ఉండే పైపొర, పెరియాస్టియం, లోపలి వైపు సుమారు 6 సెంటీమీటర్ల మేర ఊడిపోయి వేలాడుతోంది. విడిపోయిన చీలిక ముక్క 5 సెంటీమీటర్ల పొడవు, ఎముక చుట్టుకొలతలో మూడో వంతు. దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకుని మెల్లగా లాగి చూశాను. కండ పట్టు, పొర పట్టు ఏమీ లేకుండా చేతిలోకి వచ్చేసింది. అంచులను గీకితే చుక్క రక్తం రాలేదు.

అలాంటి ముక్కను తిరిగి దాని చోటులో అమర్చాలనే ఆశ ప్రతి సర్జన్‌కూ ఉంటుంది. ఎక్స్‌రే అందంగా కనిపిస్తుంది. కానీ రక్తం అందని ఎముక ఆ గాయంలో సూక్ష్మజీవులకు ఆసరా అవుతుంది. తీసి పారేశాను. ఆ నిర్ణయం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే అంటాను. దానివల్ల ఎముక గోడలో ఒక ఖాళీ మిగులుతుందని, ఆ ఖాళీని తర్వాత నేనే పూరించాల్సి వస్తుందని కూడా అదే రోజు కేస్ షీటులో రాసి ఉండాల్సింది. రాయలేదు. చర్మం బయట పిన్నులతో నిలిపే ఫిక్సేటర్ అమర్చి, గాయాన్ని కుట్టకుండా డ్రెస్సింగ్ వేసి వార్డుకు పంపాం.

రాత్రి 1:40

డ్యూటీ నర్సు ఫోన్ చేసింది. "సార్, ఇప్పటికి మూడు నొప్పి ఇంజెక్షన్లు అయ్యాయి. ఇంకోటి అడుగుతున్నాడు. పాదంలో నాడి బాగానే ఉందని డ్యూటీ డాక్టర్ గారు చూసి వెళ్లారు. కానీ నాకు ఎందుకో బాగా అనిపించడం లేదు."

ఆ చివరి మాటే ఆయన కాలిని కాపాడింది. వెళ్లేసరికి పిక్క ముందు భాగం చెక్కలా బిగుసుకుపోయి ఉంది, చర్మం మెరుస్తోంది. పాదంలో నాడి నిజంగానే చక్కగా కొట్టుకుంటోంది. కాలి బొటనవేలిని పట్టుకుని నెమ్మదిగా కిందికి వంచాను. ఆయన మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని అరిచారు. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం మీద దూది ఆనించి "తెలుస్తోందా?" అని అడిగాను. తెలియడం లేదన్నారు. మధ్యాహ్నం తెలిసింది.

దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. మోకాలి కింద కండలు నాలుగు గదులుగా ఉంటాయి. ప్రతి గదికీ ఫేషియా అనే సాగని పొర గోడ. నలిగిన కండ వాస్తే గది పెద్దది కాదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి సన్న రక్తనాళాలను నొక్కేస్తుంది. పెద్ద ధమనిలో ఒత్తిడి అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి పాదంలో నాడి చివరి దాకా అందుతూనే ఉంటుంది. నాడి ఉందని ధైర్యపడితే కండ చచ్చిపోతుంది. రక్తం పూర్తిగా ఆగిన కండ దాదాపు 6 గంటల తర్వాత కోలుకోదు. చర్మం చీలి ఉంది కదా, ఒత్తిడి అందులోంచి బయటికి పోతుందిలే అనుకోవడం ఇంకో పొరపాటు. ఓపెన్ ఫ్రాక్చర్‌లోనూ ఇది వస్తుంది, ఎందుకంటే ఆ చీలిక నాలుగు గదులనూ తెరవదు.

సూదితో కొలిస్తే ముందు గదిలో ఒత్తిడి 52 వచ్చింది. ఆయన డయాస్టోలిక్ రక్తపోటు, అంటే బీపీలో కింది అంకె, 74. రెండింటి తేడా 22. ఈ తేడా 30 కన్నా తగ్గితే గదులు తెరవాలన్నది ఇప్పుడు అందరూ పాటించే గీత. వేలిని వంచినప్పుడే నా నిర్ణయం అయిపోయింది, సూది కొలత దాన్ని బలపరిచింది. 2:30కు కాలికి రెండు వైపులా పొడవాటి గాట్లు పెట్టి నాలుగు గదులూ తెరిచాం. ముందు గది కండ ఉబికి బయటికి వచ్చింది. మొదట పాలిపోయి ఉన్నది మా కళ్ల ముందే మెల్లగా ఎర్రబడింది. రెండు వేళ్ల వెడల్పు ముక్క మాత్రం ఎర్రబడలేదు, గిచ్చితే కదల్లేదు. దాన్ని తీసేయాల్సి వచ్చింది.

ఈ సంగతి నర్సింగ్ విద్యార్థులకు చెప్పిన ప్రతిసారీ ఒకటే అడుగుతాను: విరిగిన కాలున్న రోగి గంట గంటకూ ఎక్కువ నొప్పి మందు అడుగుతుంటే అతణ్ణి ఓర్పు లేనివాడని అనుకోకండి. కట్టు విప్పించండి, వేలు వంచి చూడండి, పెద్ద డాక్టర్‌ను నిద్ర లేపండి.

నాలుగో రోజున గాయం శుభ్రంగా ఉండటంతో ఫిక్సేటర్ తీసేసి ఎముక గొట్టంలోకి 9 మిల్లీమీటర్ల రాడ్ వేసి, పైనా కిందా స్క్రూలతో బిగించాం. కాలి లోపలి వైపు గాయం మూతపడింది. బయటి గాటు మీద తొడ నుంచి తీసిన చర్మం తొమ్మిదో రోజున అతికించాం. 15వ రోజున వాకర్ సాయంతో ఇంటికి వెళ్లారు.

ఎముక ఎలా అతుకుతుంది, ఇక్కడ ఎందుకు అతకలేదు

మన శరీరంలో తెగినచోట మచ్చ మిగలకుండా తిరిగి అదే పదార్థంతో మానే కణజాలం దాదాపు ఎముక ఒక్కటే. విరిగిన వెంటనే అక్కడ చేరే రక్తపు గడ్డ చెత్తలా కనిపిస్తుంది గానీ, అతుకు పని మొదలయ్యేది అందులోంచే. మొదటి వారంలో వాపు కణాలు చచ్చిన భాగాలను ఊడ్చేస్తాయి, కొత్త రక్తనాళాలను పిలుస్తాయి. రెండు మూడు వారాలకు మృదులాస్థితో మెత్తటి కాలస్, అంటే అతుకు ముద్ద, ఏర్పడుతుంది, విరిగిన ముక్కలు జిగురు పట్టినట్టు అవుతాయి. తర్వాతి రెండు మూడు నెలల్లో అది సున్నం పట్టి గట్టి కాలస్ అవుతుంది. అక్కడి నుంచి నెలలు, ఏళ్లు పట్టే చెక్కుడు పని. బరువు పడినచోట ఎముక దట్టమవుతుంది, పడనిచోట పలచబడుతుంది. జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1892లో చెప్పిన సూత్రం ఇదే. రోగులను తొందరగా నడిపించేది అందుకే.

ఈ పనికి రెండు కావాలి: రక్తం, తగినంత నిలకడ. నిలకడ మరీ తక్కువైతే కాలస్ గట్టిపడే లోపే చీలిపోతూ ఉంటుంది. అసలు ఏ కదలికా లేకుండా ఖాళీ మిగిలితే కాలస్‌కు పుట్టే పిలుపే అందదు. రాడ్ వేసిన ఎముకకు సన్నటి కదలిక మేలు చేస్తుంది.

రక్తం సంగతి మన కడప వాళ్లకు కాలువతో చెబితే వెంటనే అర్థమవుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కేసీ కాలువ నీళ్లు పై ఆయకట్టుకు ముందు అందుతాయి, చివరి ఆయకట్టు రైతు గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తాడు. టిబియాకు లోపలి నుంచి రక్తం తెచ్చే ధమని ఎముక వెనక వైపు పై భాగంలో దూరి, గొట్టంలో కిందికి దిగుతుంది. ఎముక గోడలో లోపలి మూడింట రెండు వంతులకు దాని రక్తమే ఆధారం. బయటి వంతుకు పెరియాస్టియం నుంచి వస్తుంది. కింది భాగం చివరి ఆయకట్టు. పైగా లోపలి వైపు చర్మానికీ ఎముకకూ మధ్య కండే ఉండదు, సాయం చేసే పక్క బావి కూడా లేనట్టు.

ఈయన ఎముకలో ధమని విరిగినచోటే తెగింది. పెరియాస్టియాన్ని బండ ఊడదీసింది. గొట్టంలో రాడ్ పట్టడానికి నేను తొలిచినప్పుడు మిగిలిన లోపలి నాళాలు కూడా పోయాయి. అవి కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి, ఆ లోపు పైపొర రక్తం లోపలికి ప్రవహించి ఆదుకుంటుంది. ఈయన విషయంలో ఆదుకోవాల్సిన పొరే లేదు. దానికి తోడు మూడో వంతు గోడ ఖాళీ. ఈ లెక్క నాలుగో రోజునే కాగితం మీద వేసి ఉంటే, ఇది మామూలు అయిదు నెలల ఎముక కాదని అప్పుడే తేలిపోయేది.

నెలలు గడిచాయి

6 వారాల ఎక్స్‌రేలో ఫిబ్యులా చుట్టూ చక్కటి కాలస్ మబ్బులా కనిపించింది. టిబియాలో ఏమీ లేదు. 12 వారాలకు వెనక వైపు సన్నని తెల్లటి పొర. టిబియాకు నాలుగు గోడలు అనుకుని ఒక్కో గోడకు 1 నుంచి 3 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది, మొత్తం 12 వస్తే పూర్తిగా అతికినట్టు, 4 అంటే ఏమీ లేనట్టు. ఈయనకు 5 వచ్చింది.

ఆ రోజు ఆయన తల్లి కూడా వచ్చింది. "నాయనా, నువ్వు బాగా చూశావు, కాదనను. మా ఊళ్లో ఒకాయనకు చెయ్యి విరిగితే నాటు కట్టుతో నెలన్నరకే అతికింది. మా వాడికి ఒకసారి కట్టిస్తే?" అని అడిగింది. ఆమె అడిగిన తీరులో అపనమ్మకం లేదు, ఆందోళన ఉంది. మన రాయలసీమలో నాటు కట్టు గురించి ఎగతాళిగా మాట్లాడే డాక్టర్ మాట ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. చర్మం చీలని, పక్కకు జరగని విరుపుకు వెదురు బద్దలు ఆనించి కదలకుండా కడితే ఎముక తనంతట తాను అతుకుతుంది. మేము సిమెంటు కట్టుతో చేసేదీ అంతే. ప్రమాదం ఎక్కడంటే, వాపు ఎక్కుతున్న తొలి రెండు రోజుల్లో బిగించి కట్టినప్పుడు, చర్మం చీలిన గాయం మీద ఆకు పసర్లు పెట్టినప్పుడు, మోచేయి వంటి కీళ్ల దగ్గర విరిగినప్పుడు, కట్టాక బలంగా మర్దన చేసినప్పుడు. బిగుతు కట్టు వల్ల చేతి వేళ్లు నల్లబడి వచ్చిన పిల్లలను నేను చూశాను. సిమెంటు కట్టు బిగుసుకుని అదే స్థితిలో వచ్చినవాళ్లనూ చూశాను. ఆమెను పక్కన కూర్చోబెట్టి ఎక్స్‌రే చూపించాను. "అమ్మా, లోపల రాడ్ ఉంది, ఎముక కదలడం లేదు. కట్టు చేసే పని అది ఎప్పుడో చేస్తోంది. ఇక్కడ లేనిది రక్తం" అన్నాను. ఆమె చాలాసేపు ఎక్స్‌రే వైపే చూసి, "అయితే రక్తం పట్టే తిండి చెప్పు" అంది.

తిండి చెప్పాను: రోజుకు రెండు గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగలు. కానీ ఇంకో ప్రశ్న గట్టిగా అడగలేదు. బీడీలు తాగుతారని చేరిన రోజు కేస్ షీటులోనే రాసి ఉంది. "మానేయండి" అని ఒక మాట అన్నాను, ఆయన తల ఊపారు, నేను తర్వాతి రోగిని పిలిచాను.

అయిదు నెలలకు మార్కులు 6. నడుస్తుంటే విరిగినచోట నొప్పి. రాడ్ కింది భాగంలో ఒక స్క్రూ తీసేసి, నడిచినప్పుడు విరిగిన అంచులు ఒకదాని మీద ఒకటి ఆనేలా వదులు చేశాను. డైనమైజేషన్ అంటాం. చాలామందిలో పనిచేస్తుంది. ఈయనలో పనిచేయలేదు. ఏడున్నర నెలలకు ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు, అవే 6 మార్కులు.

పాత ఎక్స్‌రేలన్నీ లైట్ బాక్స్ మీద వరసగా పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చున్నాను. కారణం 6 వారాల ఎక్స్‌రేలోనే ఉంది. ఫిబ్యులా అప్పటికే అతికింది. పక్క ఎముక గట్టిగా నిలబడి, పాత మిద్దెకు ఆనించిన గుంజలా టిబియా అంచులను దగ్గరికి రానివ్వకుండా ఆపుతోంది. గుంజను అలాగే ఉంచి దూలాన్ని వదులు చేశాను. స్క్రూ తీసిన రోజునే ఫిబ్యులాలో చిన్న ముక్క కూడా తీసి ఉంటే, ఖాళీలో ఎముక గ్రాఫ్ట్ (శరీరంలో ఇంకోచోటు నుంచి తీసిన ఎముక) పెట్టి ఉంటే, ఆయనకు రెండు మూడు నెలలు మిగిలేవి. ఎముక తొమ్మిది నెలలకూ అతక్కపోతే, ఆఖరి మూడు నెలల్లో ఏ పురోగతీ లేకపోతే దాన్ని నాన్‌యూనియన్ అనాలన్న పుస్తకం నిర్వచనం మనసులో పెట్టుకుని ఎదురుచూశాను. ఆ నిర్వచనం అధ్యయనాల్లో లెక్కలకు పనికొస్తుంది. అతకడానికి కావాల్సిన సామగ్రే లేని ఎముక విషయంలో తొమ్మిదో నెల దాకా ఆగడం అనవసరం.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా వెతికాం. ఒంట్లో దాగిన ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్త పరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్ఆర్ మామూలుగా ఉన్నాయి. మధుమేహం లేదు. రక్తంలో విటమిన్ డి స్థాయి మిల్లీలీటరుకు 12 నానోగ్రాములు మాత్రమే ఉంది, కనీసం 20 ఉండాలి. ఏడాదంతా ఎండ కాసే జిల్లాలో ఇదేమిటని జూనియర్లు ఆశ్చర్యపోయారు. ఇన్ని నెలలుగా ఎక్కువగా ఇంట్లోనే ఉన్న మనిషికి ఎండ ఎక్కడిది? వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు మొదలుపెట్టాం. మా ప్రాంతంలో ఇంకొకటి కూడా చూస్తాను: ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. గొట్టం ఇరుకై రాడ్ దిగదు. ఈయన పళ్ల మీద గానీ ఎక్స్‌రేలో గానీ ఆ గుర్తులు లేవు.

నొప్పి బిళ్లల సంగతి ఆయన భార్య చెప్పింది. మెడికల్ షాపులో కొని మూడు నెలలుగా రోజూ రెండేసి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారట. ఈ రకం మందులు ఎక్కువ కాలం వాడితే అతుకు నెమ్మదిస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది, మనుషుల విషయంలో వాదన ఇంకా సాగుతోంది. అతకడానికి మొరాయిస్తున్న ఎముకకు అయితే ఆ అనుమానం కూడా నాకు చాలు. ఆపించి పారాసిటమాల్ ఇచ్చాను.

ఈసారి బీడీల గురించి సరిగ్గా అడిగాను. చొక్కా జేబులోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టారు. ఎర్ర దారం చుట్టిన కట్ట, సగం అయిపోయి ఉంది. "పొద్దున విప్పాను సార్" అన్నారు. పనిలో ఉన్నప్పుడు రోజుకు ఒక కట్ట. ఇంట్లో కూర్చున్నాక రెండు. నికోటిన్ సన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. చివరి ఆయకట్టుకు వచ్చే ఆ కాసిని నీళ్లకూ తూము మూసినట్టు. అది ఆయనకు అదే మాటల్లో చెప్పాను. ఆయన సొంత పొలం కాలువ కిందే ఉంది, ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు. నాలుగు వారాలు బీడీ ముట్టకుండా వస్తే ఆపరేషన్ తేదీ ఇస్తానన్నాను. ఇది బెదిరింపు కాదని, మానకపోతే రెండోసారి కోసినా ఫలితం రాకపోవచ్చని భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. చూయింగ్ గమ్ రూపంలో నికోటిన్ ఇవ్వవచ్చు గానీ, ఎముక కోసం అది కూడా లేకుండా ప్రయత్నిద్దామని ఆయనే అన్నారు. ఆయన భార్య గోడ మీద క్యాలెండరులో రోజుకో గీత పెట్టింది. మూడో వారంలో ఒక రోజు ఒక బీడీ తాగానని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. గీతలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టలేదు, ఆ ఒక్క రోజునే కలిపాం.

రెండో ఆపరేషన్

గాయమైన తొమ్మిది నెలలకు. రెండు వారాల ముందు నుంచి ఏ యాంటీబయాటిక్ ఇవ్వలేదు. దాగిన ఇన్ఫెక్షన్ ఉంటే దొరకాలి కదా. విరిగినచోటు నుంచి అయిదు వేర్వేరు ముక్కలు తీసి ల్యాబ్‌కు పంపి, ఆ తర్వాతే యాంటీబయాటిక్ ఇచ్చాం. 14 రోజులు పెంచి చూసినా ఏమీ రాలేదు.

9 మిల్లీమీటర్ల రాడ్ తీసి, గొట్టాన్ని 12 దాకా తొలిచి 11 మిల్లీమీటర్ల రాడ్ వేశాను. లావు రాడ్ నిలకడను పెంచుతుంది. తొలిచిన పొడి కూడా విరిగినచోటుకు చేరి గ్రాఫ్ట్‌లా పనికొస్తుంది. మరి తొలిస్తే లోపలి రక్తం మళ్లీ పోదా? పోతుంది. కానీ ఈ తొమ్మిది నెలల్లో చుట్టూ కండ మానింది, బయటి నుంచి కొత్త నాళాలు వచ్చాయి. ఆ పని చేసే స్థితిలో ఇప్పుడు పైపొర ఉంది. తొలి వారంలో లేదు.

ఫిబ్యులాలో 2 సెంటీమీటర్ల ముక్క, టిబియా విరిగిన మట్టానికి కాస్త కిందగా, తీసేశాను. తుంటి ఎముక నుంచి తీసిన మెత్తటి ఎముకను ఖాళీలో నింపడానికి పిక్క బయటి వెనక వైపు నుంచి వెళ్లాను. లోపలి వైపు చర్మం ఒకసారి నలిగింది, దాన్ని మళ్లీ కోసే సాహసం చేయదలచుకోలేదు. వెనక వైపు మందపాటి కండ ఉంది, గ్రాఫ్ట్‌కు అక్కడి రక్తమే జీవం. ఈ ఖాళీ ఎముక చుట్టుకొలతలో సగానికి మించి ఉన్నా, లోపల చీము ఉన్నా నేను ఈ దారి పట్టేవాణ్ణి కాదు. అలాంటప్పుడు రష్యాలో ఇలిజరోవ్ అభివృద్ధి చేసిన రింగుల పద్ధతి ఉంది. ఎముకను ఇంకోచోట కోసి రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతలుగా జరుపుతూ కొత్త ఎముకను పుట్టిస్తారు. గొప్ప పద్ధతి, కానీ నెలల తరబడి కాలికి రింగులతో బతకడం ఎంత కష్టమో రోగికి ముందే చెప్పాలి.

మర్నాడే నిలబెట్టి, కాలి మీద పూర్తి బరువు వేసి నడవమన్నాను. ఆయన భయపడ్డారు. తొమ్మిది నెలలుగా ఆ కాలిని దాచుకుంటూ వచ్చిన మనిషి. ఫిజియోథెరపిస్ట్ ఆయన మడమ కింద బాత్రూం త్రాసు పెట్టి ముల్లు చూపించింది: 20 కిలోలు, 35, 50. ముల్లు 60 దాటినప్పుడు ఆయన ముఖం తేటపడింది.

ఆరు వారాలకు వెనక వైపు కాలస్ స్పష్టంగా ఉంది. 14 వారాలకు మూడు గోడలు కలిశాయి, మార్కులు 10. నొప్పి లేదు. వేలితో గట్టిగా నొక్కినా లేదు. గాయమైన రోజు నుంచి లెక్కిస్తే పన్నెండు నెలలు.

18 నెలలకు చివరిసారి చూసినప్పుడు నాలుగో గోడ కూడా దాదాపు నిండింది. ఎడమ కాలు 6 మిల్లీమీటర్లు పొట్టి, చెప్పులో చిన్న అట్టముక్కతో సరిపోతోంది. పాదం పైకి 10 డిగ్రీలే లేస్తుంది, రెండో కాలు 20 లేస్తుంది. గొంతు కూర్చోవడం కష్టం, సగం దాకా కూర్చోగలరు. రెండు వేళ్ల మధ్య స్పర్శ తిరిగి రాలేదు, ఇక రాకపోవచ్చు. బొటనవేలు పైకి లేస్తుంది, కొద్దిగా అడ్డం పెడితే నిలవదు. ఆ రాత్రి తీసేసిన కండ ముక్క అది. బీడీ మానేసి పది నెలలు. యూనిట్‌లో లోడింగ్ పనికి తిరిగి పంపడానికి నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు పాలిష్ మిషన్ దగ్గర నిలబడి చేసే పని ఇచ్చారు, రోజు కూలి మునుపటి కన్నా తక్కువ.

లేచి వెళ్లే ముందు రాడ్ ఎప్పుడు తీస్తారని అడిగారు. చలికాలం తెల్లవారుజామున మోకాలి దగ్గర పోటు వస్తోందట. రాడ్ పై కొన ఉన్నచోటును నొక్కి చూశాను, నొప్పి అక్కడే ఉంది. అతికిన ఎముకలో చెక్కుడు పని ఇంకా సాగుతోంది. గాయమైన రెండేళ్లకు ఇంకో ఎక్స్‌రే తీసి, నాలుగు గోడలూ నిండాయని కళ్లారా చూశాకే ఆ మాట మాట్లాడదామని, అప్పటిదాకా మోకాలికి వేడి కాపడం పెట్టుకోమని రాసి ఇచ్చాను.